మాట్లాడకూడని ఉద్యోగం

ఆమెకు ఇంట్లో తూనీగ అని పేరు. పెట్టింది అక్క. చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు కూడా ఒకచోట కుదురుగా కూర్చునేది కాదట. ఒక ముద్ద గుమ్మంలో, ఇంకో ముద్ద మెట్ల మీద, మూడోది పక్కింటివాళ్ల వరండాలో. పెళ్లయ్యాక ఆ పేరు కూడా సామానుతోపాటు అత్తవారింటికి వచ్చేసింది. లిఫ్టులు బాగుచేసే భర్త ఆ పేరుతోనే పిలిచేవాడు. అత్తగారు మాత్రం కోడలికి కోపం వస్తుందేమోనని కొన్నాళ్లు ఆగి, కోడలే "నన్ను అలాగే పిలవండి అత్తయ్యా" అన్నాక, ఇక మొదలుపెట్టింది.

తూనీగ మొదట ఒక ఫోను కంపెనీలో పనిచేసింది. ఫోను పనిచేయని వాళ్లు, బిల్లు అర్థంకాని వాళ్లు మాట్లాడితే జవాబు చెప్పే పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా నోరు ఆడుతూనే ఉండాలి. "ఆ బొమ్మ మీద నొక్కండి, ఇప్పుడు వెనక్కి రండి, కాదండీ, పైన ఉన్నది." ఆ పని ఆమె ఒంటికి సరిగ్గా సరిపోయింది. ఎదుటివాడు తికమకపడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు పుట్టుకతోనే రాదు. బస్సులో ఎవరైనా చిల్లర వెతుక్కుంటుంటే తన సంచీ తెరిచేస్తుంది. అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తుంటే రెండోసారి తప్పేలోగా లాక్కుంటుంది.

అలాంటి మనిషికి దొరికిన రెండో ఉద్యోగం నోరు మూసుకుని కూర్చునేది.

వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే చిన్న ఆఫీసు అది. టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు. కొత్త పేజీ ఏదైనా జనంలోకి వదిలేముందు మామూలు మనుషులు కొందరికి చూపించి, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎక్కడ దారి తప్పుతున్నారో కనిపెట్టాలి. ఆ మనుషులు ఆఫీసుకు రారు. ఎవరింట్లో వాళ్లు కంప్యూటరు ముందు కూర్చుంటారు. వాళ్ల తెర తూనీగ తెర మీద కనిపిస్తుంది, మూలన చిన్న చతురస్రంలో వాళ్ల ముఖం. అందరూ ఊరికే వచ్చే వలంటీర్లే. ఒకరు పనిలేక వస్తారు, ఒకరు కుతూహలం కొద్దీ వస్తారు, ఒకరు నలుగురికీ ఉపయోగపడుతుందని వస్తారు. "మీ అమ్మగారికి ఎల్లుండి పొద్దున చెవి డాక్టరు దగ్గర టైము తీసుకోవాలి, తీసుకోండి" అని చెప్పి తూనీగ తప్పుకోవాలి. వాళ్లు ఎంత తంటాలు పడినా "అక్కడ కాదు, ఇక్కడ" అనకూడదు. మరీ ఎక్కువసేపు నిశ్శబ్దమైపోతే "ఇప్పుడు ఏమనుకుంటున్నారు?" అని అడగొచ్చు. అంతే.

మొదటి నెలల్లో, ఈ పరీక్షలు జరిపే గాజుగదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమె దవడలు నొప్పెట్టేవి. పళ్లు కరుచుకుని కూర్చోవడం వల్ల. వేళ్లు ఊరుకోవు కాబట్టి వాటిని తొడల కింద పెట్టుకునేది. బల్ల కింద కాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడు రికార్డింగులో పడుతోందని డిజైనరు ఒక పరుపుముక్క తెచ్చి ఆమె కాలి కింద వేశాడు.

"ఇంటిల్లిపాదికీ సలహాలిచ్చే కోడలు ఆఫీసులో మూగనోము పట్టిందట" అని అత్తగారు ఫోనులో తన చెల్లెలికి చెప్పి పగలబడి నవ్వింది. "అందుకే సాయంత్రం ఇంటికొచ్చి ఆ బాకీ అంతా నామీద తీరుస్తోంది."

అయినా తూనీగ ఆ పని వదల్లేదు. చూస్తూ ఊరుకుంటే మనుషులు ఎంత బాగా అర్థమవుతారో ఆమెకు అక్కడే తెలిసింది. తప్పు పేజీది అయినా "నాకే రావట్లేదమ్మా, నేనే మొద్దుని" అని తమను తాము తిట్టుకునే వాళ్లే ఎక్కువ. అది విన్నప్పుడల్లా ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ మంటతోనే రిపోర్టులు రాసేది.

ఆ ఏడాది వాళ్లు ఒక పెద్దాసుపత్రి కోసం పేజీ తయారుచేస్తున్నారు. జనం క్యూలో నిలబడకుండా ఇంటినుంచే డాక్టరు టైము తీసుకోవడానికి. పేజీకి ఎడమ అంచున విభాగాల పేర్లన్నీ వరసగా ఉంటాయి. ఆ వరస ఎడమవైపే ఉండాలని మేనేజరమ్మ, పైన అడ్డంగా ఉండాలని డిజైనరు. ఇద్దరికీ మధ్య ఉప్పూ నిప్పులా ఉంది.

వలంటీర్లలో బడివ్యాను నడిపే పెద్దాయన ఒకడు ఉండేవాడు. పొద్దున పిల్లల్ని దింపేసి, మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకునేదాకా ఖాళీ. భార్యకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి ఆసుపత్రి వరండాలో ఒక పూటంతా నిలబడి ఆవిడ కళ్లు తిరిగి పడిపోయిందట. అందుకే ఈ పేజీ అనగానే తనంతట తనే పేరు ఇచ్చాడు. కిందటి నెలలో ఒకసారి వచ్చి చకచకా పని ముగించాడు. ఎడమవైపు వరస చూసి "భలే ఉందమ్మా, నా వ్యాను స్టాపుల్లాగా ఒకదాని కింద ఒకటి" అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మాట పట్టుకుని మేనేజరమ్మ డిజైనరును వారం రోజులు ఏడిపించింది.

పేజీలో చిన్నచిన్న మార్పులు చేశాక ఆయనే మళ్లీ వచ్చాడు. భోజనాలకు ముందు వేళ. తూనీగ గాజుగదిలో ఉంది, పక్కన డిజైనరు చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని నోట్సు రాస్తున్నాడు.

"బాగున్నారాండీ?" అంది తూనీగ.

"బాగానే ఉన్నానమ్మా. పొద్దున్నే బడి గేటుకు తగిలి వ్యాను అద్దం ఊడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఒక గీత కూడా పడలేదు. ఎవడి దిష్టి తగిలిందో ఏమో." ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వులో చిరాకు ఉంది.

"మీ ఆవిడగారికి ఎముకల డాక్టరు దగ్గర టైము తీసుకోండి" అని చెప్పి తూనీగ చేతులు తొడల కింద పెట్టుకుంది.

పేజీ తెరుచుకుంది. ఆయన బాణం గుర్తు తెర మధ్యలోకి వచ్చింది, కుడివైపు వెళ్లింది, పైకి వెళ్లింది, మళ్లీ మధ్యకు వచ్చింది. "విభాగాలు ఏవమ్మా? తీసేశారా?" అన్నాడు. ఎడమ అంచున ఎముకలు, చెవి, గుండె అన్నీ వరసగా ఉన్నాయి. ఆయన బాణం అటు పోలేదు. మధ్యలోకి వచ్చి, ఏదో గోడ అడ్డుపడినట్టు వెనక్కి తిరిగేది.

డిజైనరు ముఖం వెలిగిపోయింది. కాగితం మీద పెద్దక్షరాలతో 'చూశావా!' అని రాసి ఆమె ముందుకు తోశాడు. తూనీగ కూడా తన నోట్సులో 'ఎడమ వరస దృష్టికి ఆనడం లేదు' అని రాసుకుంది. రాశాక కలం ఆగిపోయింది. ఇదే వరసను కిందటి నెల మెచ్చుకున్న మనిషి కదా ఈయన!

"ఇప్పుడు ఏమనుకుంటున్నారండీ?"

"ఏమనుకుంటాను, నెత్తి పట్టుకుంటున్నాను. నిన్నట్నుంచీ ఒకటే తలనొప్పి. మాత్ర వేసుకున్నా." ఆయన లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమోయ్, టీ ఎక్కడ పెట్టావు?"

"నీ చేతి దగ్గరే పెట్టాగా!" అని లోపల్నుంచి ఆవిడ గొంతు.

తూనీగకు కప్పు కనిపిస్తూనే ఉంది. ఆయన ఎడమ మోచేతి పక్కనే పొగలు కక్కుతోంది. ఆయన కుడివైపు వెతికాడు, ముందు వెతికాడు. విసుక్కుంటూ ఎడమచెయ్యి కదిపేసరికి కప్పు కాస్తా బోర్లాపడింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు.

ఆ మాటతో తూనీగ కలం కింద పెట్టేసింది. పొద్దున ఊడిన అద్దం గుర్తొచ్చింది. ఏ వైపు అద్దం?

డిజైనరు నోటిమీద వేలు పెట్టుకుని సైగ చేస్తూనే ఉన్నాడు. తూనీగ లేచి నిలబడింది.

"అండీ, పరీక్ష ఆపేద్దాం. ఒక్క మాట చెప్పండి. పొద్దున ఊడింది ఎడమవైపు అద్దమా?"

"అవును. నీకెలా తెలుసు?"

"మీకు ఎడమవైపు కనిపించడం లేదేమోనని నాకు అనుమానంగా ఉంది. తెర మీద అటువైపు మీరసలు చూడలేదు. కప్పూ అటే ఉంది. తలనొప్పి అంటున్నారు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. దయచేసి మధ్యాహ్నం వ్యాను తీయకండి."

ఆయన ముఖం గట్టిపడింది. "ఏంటమ్మా నువ్వు చెప్పేది? నాకు కళ్లు పోయాయంటావా? నువ్వు కనిపిస్తున్నావు, నీ వెనకాల గోడ కనిపిస్తోంది. మీ పేజీ బాగోక నాకు దొరకలేదు. దానికి నన్ను గుడ్డివాణ్ణి చేస్తావా?"

"అది కాదండీ..."

"నీ పరీక్షకో దండం. బడి వదిలే వేళవుతోంది, నే వెళ్లాలి."

తెర నల్లబడింది.

డిజైనరు హెడ్‌ఫోను తీసి గుడ్లప్పగించి చూశాడు. "ఏం చేశావు నువ్వు? సెషను మొత్తం పాడు చేశావు."

"ఆయన ఇప్పుడు పిల్లల్ని ఎక్కించుకుంటాడు" అంది తూనీగ. అప్పటికే తలుపు తీసేసింది.

ఆమె దగ్గర ఆయన ఫోను నంబరు లేదు. వలంటీర్ల నంబర్లూ చిరునామాలూ ఆ వివరాలు చూసే ఒక్కాయన దగ్గరే ఉంటాయి. ఆయన్ని ఆఫీసంతా తాళం అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. 'మీ వివరాలు ఎవరికీ చెప్పం' అని ప్రతి వలంటీరుకూ మాట ఇచ్చేది ఆయనే, ఆ మాట మీద నిలబడేదీ ఆయనే. సొంత తమ్ముడు వలంటీరుగా వచ్చినా ఇంట్లో ఆ సంగతి ఎత్తడని చెప్పుకుంటారు.

తాళం కుర్చీలో లేడు. భోజనానికి వెళ్లాడన్నారు. తూనీగ మెట్లు రెండేసి చొప్పున దిగింది. టైర్ల దుకాణం ముందు లేడు. సందు చివర హోటల్లో లేడు. రోడ్డు మీద ఎటు చూసినా బళ్లే. ఒక పసుపుపచ్చ వ్యాను పక్కనుంచి వెళ్తే ఆమె దాని వెంట నాలుగడుగులు పరుగెత్తింది. అది వేరే బడిది. మేనేజరమ్మకు ఫోను చేసింది, మీటింగులో ఉందేమో ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎదురుగా వస్తున్న మనిషిని గుద్దుకుని "చూసుకోవద్దా!" అనిపించుకుంది. కాలుగాలిన పిల్లిలా ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ తనను తానే తిట్టుకుంది. అంత గట్టిగా ఎందుకు చెప్పాలి? మెల్లగా చెబితే వినేవాడేమో. భార్యను పిలవమని చెప్పి ఉంటే సరిపోయేదేమో. లేకపోతే ఇదంతా తన పిచ్చేనా? తలనొప్పితో కప్పు ఒలకబోసుకునే వాళ్లు లోకంలో ఎంతమంది లేరు?

తాళం చివరికి ఆఫీసు వెనక మెట్ల మీదే దొరికాడు. టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. తూనీగ రొప్పుతూ సంగతంతా చెప్పింది.

"నంబరు ఇవ్వను" అన్నాడు తాళం.

"మీకు అర్థం కావట్లేదండీ, వ్యాను నిండా పిల్లలుంటారు!"

"అర్థమైంది. నంబరు మాత్రం నీకివ్వను." డబ్బా మూతపెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఆ కడుక్కోవడం ఎప్పటికీ అయ్యేలా కనిపించలేదు. "పద. నేను చేస్తాను, నువ్వు మాట్లాడు."

తన కంప్యూటరు తెర ఆమెకు కనిపించకుండా తిప్పుకుని మరీ డయల్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మోగి ఆగిపోయింది. తూనీగ ఆ బల్ల చుట్టూ తిరుగుతోంది. మూడోసారి "ఎవరు?" అని విసురుగా వినిపించింది. తాళం ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"నేనేనండీ, ఇందాకటి అమ్మాయిని. పెట్టేయకండి. వ్యానులో ఉన్నారా?"

"సీట్లో కూర్చున్నా. బడి ముందు. ఇంకా గంట కొట్టలేదు. ఏంటమ్మా నీ గోల?"

అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఆలోచన, ఆమెకే తెలియదు. వాదించాలనిపించలేదు. రోజూ చేసే పనిలాగే, చేయాల్సిందేదో చెప్పి ఊరుకోవాలనిపించింది.

"బాబాయిగారూ, ఫోను స్పీకర్లో పెట్టి ముందు పెట్టండి. రెండు చేతులూ స్టీరింగ్ మీద, చెరో పక్కన పెట్టండి. పెట్టారా? ఇప్పుడు మధ్యలో హారను మీదే చూపు ఉంచండి. తల తిప్పకండి, కళ్లు కదపకండి. మీ చేతులు కనిపిస్తున్నాయా?"

"కనిపించకేం? కనిపిస్తోంది."

"ఒకటా, రెండా?"

జవాబు రాలేదు.

తూనీగ ఏమీ అనలేదు. నోటిదాకా వచ్చిన మాటను ఎలా మింగిందో ఆమెకే తెలియదు. అవతల ఎవరో పిల్లలు అరుస్తున్నారు, ఏదో బండి హారను కొట్టింది.

"ఎడమ చెయ్యి..." అన్నాడు ఆయన. "పట్టుకున్నట్టు తెలుస్తోందమ్మా. కనిపించడం లేదు."

"బండి తాళం చెవి తీసేయండి బాబాయ్."

"తీసేశా."

"వ్యానులో ఇంకెవరున్నారు?"

"ఆయా ఉంది." ఆయన పిలిచాడు. ఆయా గొంతు దగ్గరగా వినిపించింది, "ఏమైంది అన్నా, ముఖం అలా పెట్టావేం?" అంటోంది. అప్పుడే బడి గంట కొట్టారు.

మిగిలినదంతా ఆయా నడిపించింది. పిల్లల్ని ఎక్కనివ్వకుండా తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, బడిలో చెప్పి ఇంకో డ్రైవరును పిలిపించింది. ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో ఆయన భార్యకూ ఆవిడే ఫోను చేసింది. ఇవన్నీ తూనీగకు తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం ఫోను తెగిపోయి, ఆమె తాళం కుర్చీలో కూలబడి, ఎందుకో ఆపుకోలేకుండా ఏడ్చింది. తాళం ఏం చేయాలో తోచక తన టిఫిను డబ్బాలో మిగిలింది ఆమె ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం మేనేజరమ్మ పిలిపించింది. అరవలేదు. అరిస్తేనే నయమనిపించింది తూనీగకు.

"నువ్వు చేసింది సరైనదే అయ్యుండొచ్చు. కానీ మనం డాక్టర్లం కాదు. నీ అనుమానం తప్పయ్యుంటే? ఒక మనిషికి నీకు కళ్లు లేవని చెప్పి, బతుకుతెరువు మానుకోమని చెప్పి, ఆయన బెంబేలెత్తి ఏ బండికిందో పడుంటే?"

"ఆ భయం నాకూ ఉందండీ" అంది తూనీగ. నిజంగానే ఉంది. అది ఆ రోజుతో పోలేదు. ఆయన సంగతి ఏమైందో ఎవరూ చెప్పలేదు. తాళం అడగడు, ఆమెను అడగనివ్వడు. "వాళ్లకు చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. మనం వెంటపడకూడదు" అన్నాడు.

ఆ రోజుల్లో ఆమె ఇంట్లో చేయని పని లేదు. అలమార్లన్నీ కిందకు దించి మళ్లీ సర్దింది. ఉతికిన బట్టలే ఉతికింది. భర్త అన్నం ముందు కూర్చుంటే ఎడమవైపు నీళ్లగ్లాసు పెట్టి, దాన్ని చూస్తాడా లేదా అని కాచుకుని కూర్చునేది.

"నాకు కనిపిస్తోందే తల్లీ" అనేవాడు అతను గ్లాసు పైకెత్తి చూపిస్తూ. "రెండు కళ్లూ బ్రహ్మాండంగా ఉన్నాయి. నువ్వు కాసేపు కూర్చో."

"కూర్చోమంటే కూర్చునే రకమైతే ఆ పేరెందుకు పెడతారురా?" అంది అత్తగారు. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ ముసలాయన బాగుంటాడులే. బాగోకపోయినా అది నీవల్ల కాదు. విన్నావా?"

విన్నది గానీ తలకెక్కలేదు. ఆఫీసులో ఆ రికార్డింగు పదేపదే పెట్టుకుని చూసేది. అద్దం మాట, బాణం వెనక్కి తిరగడం, తలనొప్పి. ఇవన్నీ అయ్యాకే కదా కప్పు పడింది. అప్పటిదాకా తను శ్రద్ధగా, చక్కటి దస్తూరీతో పేజీలోని లోపం రాసుకుంటూ కూర్చుంది.

చాలా రోజుల తర్వాత వలంటీర్ల లైనుకు ఒక ఫోను వచ్చింది. "ఆ కంగారు పిల్లకు ఇవ్వండి" అందట ఒకావిడ. తాళం మారుమాట లేకుండా తెచ్చి ఇచ్చాడు. డ్రైవరు భార్య రెండు ముక్కలు మాట్లాడి ఫోను ఆయనకు అందించింది.

"మెదడు వెనక భాగంలో రక్తం గడ్డకట్టిందట" అన్నాడు ఆయన. "ఇంకోటి రాకుండా మందులిచ్చారు. ఆలస్యమైతే చెయ్యీ కాలూ కూడా పోయేవేమో అన్నారు. ఎడమవైపు మాత్రం రాలేదు. కొంచెం వస్తే రావచ్చట, నమ్మకం లేదట. లైసెన్సు తిరిగి ఇచ్చేశాను."

తూనీగ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "ఇంట్లో ఎలా ఉంటున్నారు?" అంది.

"జైల్లో ఉన్నట్టుంటున్నా. పొద్దున వ్యాను వేళకు మెలకువ వచ్చేస్తుంది. లేచి ఎక్కడికి వెళ్లాలి? వీధిలోకి వెళ్తే మా ఆవిడ కర్రలా పక్కనే నడుస్తుంది, ఎడమవైపు. బడివాళ్లు డ్రైవర్ల డ్యూటీలు వేసే పని ఇస్తామన్నారు. కుర్చీలో కూర్చుని ఇంకొకణ్ణి బండెక్కమని చెప్పాలట నేను! చూడమ్మా, దాపరికం ఎందుకు. ఒకో పూట నీకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఒకో పూట ఆ ఫోను ఎత్తకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తాయి, అంతే, నోరు మూసుకుంటాను."

"అనండి బాబాయ్. నన్ను తిట్టినా ఫరవాలేదు."

"తిట్టడానికే చేశాను. నీ గొంతు వింటే తిట్టబుద్ధి కాలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ పేజీ ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా అవుతోందండీ."

"నాలాంటివాళ్లు కూడా ఆ పేజీ చూడాలి కదా. ఆసుపత్రికి వచ్చేది బాగున్నవాళ్లు కాదు కదా. నాకేమో పొద్దుపోవడం లేదు. పెట్టు ఇంకో పరీక్ష."

పెట్టింది. ఆయన వచ్చిన రోజు గాజుగదిలో మేనేజరమ్మ, డిజైనరు ఇద్దరూ ఆమె వెనక నిలబడ్డారు. ఆయన తల తిప్పి తిప్పి తెరను వెతుకుతూ, పేజీని, దాన్ని చేసినవాళ్లను, తన కళ్లను కలిపి వరసగా తిట్టాడు. మధ్యలో అలిసిపోయి ఒకసారి లేచి వెళ్లాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎడమవైపు వరస ఆయనకు ఎంతసేపటికో దొరికింది, దొరికాక మళ్లీ పోయింది. పైన అడ్డంగా పెట్టిన డిజైనరు వరసలోనూ సగం పేర్లు ఆయన చూడనే లేదు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. ఆ తర్వాత ఆ వరస ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా వలంటీర్లకు ఏదైనా జరిగితే పరీక్ష ఆపి ఎవరికి చెప్పాలో మేనేజరమ్మ ఒక పద్ధతి రాయించింది. అందులో మొదటి ఫోను తాళమే చేయాలని ఉంది.

ఆ సాయంత్రం తూనీగ బస్సులో కూర్చోలేకపోయింది. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడి, ఇంటికి ఇంకా దూరం ఉండగానే దిగిపోయింది. బడులు వదిలేసి చాలాసేపయింది, రోడ్డు పలచబడింది. ఆయన బడిలో కుర్చీ ఉద్యోగానికి ఒప్పుకున్నాడో లేదో అడగడం మరిచిపోయానని నడుస్తుంటే గుర్తొచ్చింది. ఒప్పుకోకపోతే బాగుండుననీ, ఒప్పుకుంటే బాగుండుననీ ఒకేసారి అనిపించింది. ఆమె ఇంకా వేగంగా నడిచింది.